లక్ష్మి జాకెట్టూ, నా కొత్త మిషనూ

ముందే చెప్పేస్తున్నా, నవ్వితే టీ పొయ్యను. నిన్న కరెంటాఫీసుకి ఫోన్ చేసి నేను వేసిన కేకలు మా హాడో పేట అంతా వినపడే ఉంటాయి. ఇహ ఈ రోడ్డు మీద ఏ లైన్‌మన్ ఎదురొచ్చినా నేను మొహానికి కొంగు అడ్డం పెట్టుకు పోవాల్సిందే!

మీకు తెలుసుగా, సునామీకి ముందు మేం ఈ దీవిలోనే హోప్ టౌన్‌లో ఉండేవాళ్ళం. అక్కడ ఎవరింట్లో శుభకార్యమైనా జాకెట్లు నేనే కుట్టేదాన్ని, తొక్కుడు మిషను మీద. ఆ నీళ్ళొచ్చి వెళ్ళాక చూస్తే మిషను బురదలో బోర్లా పడుంది. ఎంత నూనె పోసినా చక్రం కదల్లేదు. తర్వాత మా ఆయన పోర్టు డ్యూటీకి దగ్గరని హాడో వచ్చేశాం. నేను కుట్టు మానేశాను. అడిగినవాళ్ళకి కళ్ళు కనపడవని చెప్పేదాన్ని. అసలు సంగతేటంటే, ఇంకో మిషను ముందు కూర్చోబుద్ధి కాలేదు.

ఇన్నేళ్ళకి లక్ష్మి వచ్చింది. హోప్ టౌన్‌లో మా పక్కిల్లే. కూతురి పెళ్ళి వైజాగ్‌లో. పట్టు గుడ్డ నా ఒళ్ళో పడేసి, "వదినా, నువ్వు కుట్టిన జాకెట్టే వేసుకుని పీటల మీద కూర్చుంటా. దర్జీకి ఇవ్వను గాక ఇవ్వను" అంది. కాదంటే ఏడ్చేలా ఉంది. ఇదే సందని మా ఆయన చెన్నై నుంచి కొత్త మిషను తెప్పించేశారు. కంప్యూటర్ మిషనట! నిన్న సాయంత్రం లక్ష్మి వైజాగ్ షిప్పు ఎక్కాలి. అది పోతే ఈ దీవి నుంచి మళ్ళీ షిప్పు ఎప్పుడో దేవుడికే తెలియాలి. మధ్యాహ్నానికల్లా జాకెట్టు అయిపోవాలి.

పొద్దున్నే కూర్చున్నా. ఓలమ్మో, అదేం మిషనండీ బాబూ! దారం సరిగ్గా ఎక్కలేదని "కీక్". సూది పక్కనుండే పాదం కిందకి దించలేదని "కీక్". మన ఇంట్లో మన గుడ్డ కుట్టుకోడానికి దాని పర్మిషన్ కావాలా!

దానికీ కాలికింద ఓ పెడల్ ఇచ్చారు. పాత అలవాటున మడమా మునివేళ్ళూ మార్చి మార్చి తొక్కాను. అంతే! బర్రున పరిగెత్తింది, టక్కున ఆగింది, మళ్ళీ బర్రున.

"తొక్కకే! ఊరికే ఆనించి ఉంచు" అంటారు మా ఆయన.

"నా కాళ్ళు నా మాట వింటేగా!"

ఆయన విసుక్కుని పెడల్ పీకి డబ్బాలో పడేశారు. "ఇదిగో, ఈ బటన్ నొక్కితే నడుస్తుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. బస్, కాళ్ళతో పనే లేదు" అని డ్యూటీకి వెళ్ళిపోయారు.

నొక్కాను. బాగానే నడిచింది. భుజాలు కలిపాను, మెడ తిప్పాను. లైనింగ్ ఎగిరిపోతోందని ఫ్యాను కట్టేశాను. కాళ్ళు మాత్రం బల్లకింద వాటి పాటికవి తొక్కుతూనే ఉన్నాయి. అక్కడ పెడల్ లేదు. మిషను ప్లగ్గు పెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డుంది. ఆ సంగతి నాకప్పుడు తడితేగా!

పక్క కుట్టు సగంలో మిషను చచ్చింది. దాని బుల్లి లైటూ ఆరింది.

"గయీ! లైట్ గయీ!" కరెంటు పోయిందనుకున్నా. మనకిదేం కొత్త! ఎదురింట్లో మిక్సీ తిరుగుతోంది. వాళ్ళకి ఇన్వర్టర్ ఉందిలే అనుకున్నా. ఒళ్ళు మండిపోయి ఫ్రిజ్జు తెరిచి చల్లటి నీళ్ళు తాగాను. లోపల లైటు వెలిగింది. చూశాను కూడా! అయినా నా బుర్ర వెలగలేదు.

ఫోన్ అందుకున్నా. "ఏం భయ్యా, శాదీ కా కామ్ హై! షిప్పు టైమైపోతోంది! మీరక్కడ నిద్రపోతున్నారా?"

"దీదీ, మీ లైన్లో సబ్ ఠీక్ హై."

"ఠీక్ హై అంటే నా మిషను అబద్ధమాడుతోందా? ఇప్పుడే మనిషిని పంపండి!"

పంపిస్తామన్నాడు పాపం. కానీ షిప్పు ఆగదుగా. చేత్తో తిప్పుదామంటే ఆ చక్రం చిన్నపిల్లల బొమ్మకారు చక్రమంతుంది. ఇహ లాభం లేదని చేతిసూది తీశాను. రెండు పక్కలూ, చేతులూ, పట్టీలూ అన్నీ చేతి కుట్టే. కుడుతూ తిట్టాను, తిడుతూ కుట్టాను. లక్ష్మి పీటల మీద కూర్చుని అక్షింతలకి చెయ్యెత్తేసరికి చంకలో పర్రున చిరిగితే? అదే భయం! అందుకని ఒక్కో కుట్టూ వెనక్కి పొడిచి, లాగి, మళ్ళీ పొడిచి కుట్టాను. వేళ్ళు తూట్లు పడ్డాయి.

ఆఖరి హుక్కు దగ్గరుండగా మా ఆయన వచ్చారు, జాకెట్టు షిప్పులు ఆగే వార్ఫ్‌కి పట్టుకెళ్ళడానికి. వస్తూనే ఫ్యాను వేశారు. తిరిగింది!

"అమ్మయ్య, వచ్చిందా కరెంటు!" అన్నా.

"పోయిందెప్పుడు?"

నా వంక చూశారు, మిషను వంక చూశారు, వంగి బల్లకింద చూశారు. ఎక్స్‌టెన్షన్ బోర్డు స్విచ్చి ఆఫ్‌లో ఉంది! కాలి బొటనవేలితో నొక్కారు. మిషను "కీక్" మంది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి నిచ్చెనతో లైన్‌మన్. చెమటలు కారిపోతున్నాయి. "దీదీ, కిధర్ లైట్ నహీ హై?"

నా నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఏం చెప్పను? "అభీ అభీ ఆయీ భయ్యా, ఇప్పుడే వచ్చింది! థాంక్యూ!"

"మేమింకా ఏమీ చెయ్యలేదే!" అన్నాడు. మా ఆయన గోడవైపు తిరిగారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

జాకెట్టు అందింది. మా ఆయన లక్ష్మికిచ్చి ఇంటికొచ్చారు. నా మీద దయతో అక్కడ నోరు విప్పలేదట. కాసేపటికి వార్ఫ్ నుంచి లక్ష్మి ఫోన్. స్పీకర్ పెట్టాను.

"వదినా! వేసి చూసుకున్నా, ఒంటికి అతికినట్టుంది! ఇక్కడ ఆడవాళ్ళంతా తిప్పి తిప్పి చూస్తన్నారు. ఏం కుట్టు, ఏం కుట్టు! పక్కలు లాగినా రావట్లేదు. కొత్త మిషనంటే అదీ! ఏ మోడలో చెప్పు, వీళ్ళకీ కావాలట!"

నా తూట్లు పడ్డ వేళ్ళు చూసుకున్నాను. మా ఆయన ఫోన్ మీదకి వంగి, "రాసుకోమను లక్ష్మీ! కాలితో తొక్కితే ఆగిపోయే మోడల్!" అన్నారు.

అటునుంచి లక్ష్మి అందరికీ అదే గట్టిగా అరిచి చెబుతోంది, వినపడుతోంది!