పిన్ని నేర్చుకున్న మర్యాద

మా పిన్ని స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, మిషను తొక్కుతూ, రోజూ మధ్యాహ్నం మా పెద్దమ్మతో మాట్లాడేది. హలో గిలో ఏమీ ఉండదు. "ఏమే అక్కా, తిన్నావా?" అంటే వీధి చివరిదాకా వినపడేది. మిషను చప్పుడు ఆగితే పెద్దమ్మ అటునుంచే "దారం తెగిందా?" అనేది. నాగరికత తెలియని మనుషులు, ఏం చేస్తాం.

ఆ నాగరికత మా కుటుంబానికి పెద్దమ్మ కొడుకు ద్వారా వచ్చింది. మా అన్నయ్య ఓ పెద్ద ఆఫీసులో మేనేజరు. ఒకరోజు మీటింగులో ఉండగా పిన్ని ఫోన్ చేసింది. ఆయనగారు కంగారులో ఏం నొక్కారో గానీ, "ఒరేయ్ బుజ్జిగా, కడుపులో గడబిడ తగ్గిందా?" అన్న పరామర్శ స్పీకర్లోంచి పై అధికారులందరికీ అందింది. అన్నయ్యకి తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే కుటుంబం గ్రూపులో శాసనం వెలువడింది. చెప్పాపెట్టకుండా ఫోన్ చెయ్యడం అమర్యాద. ముందు మెసేజ్ పెట్టాలి, అవతలివాళ్ళు సరే అన్నాకే చెయ్యాలి. బాబాయిలూ అత్తలూ వదినలూ పోటీలుపడి బొటనవేళ్ళు పెట్టారు.

"అక్కకి కూడానా నాయనా?" అని పిన్ని అడిగింది.

"అందరికీ పిన్నీ. పద్ధతంటే పద్ధతే."

పిన్ని కష్టపడి "మాట్లాడొచ్చా?" అని టైపు చెయ్యడం నేర్చుకుంది. పెద్దమ్మకేమో చూపు ఆనదు. ఫోన్ మోగితే ఎత్తడం ఒక్కటే వచ్చు. సాయంత్రం అన్నయ్య ఇంటికొచ్చి, తల్లి ఫోన్ చూసి బొటనవేలు పెడితే, అప్పుడు అక్కాచెల్లెళ్ళకి మాట్లాడుకునే యోగం. పిన్ని ఎంత మారిపోయిందో అని చుట్టాలంతా తెగ మెచ్చుకున్నారు.

ఇంతలో ఆయాసం ఎక్కువై పెద్దమ్మని ఆస్పత్రిలో చేర్చారు. వేరే ఊరు. పిన్నికి మర్నాటి బస్సుకి గానీ సీటు దొరకలేదు. ఈలోగా అక్క గొంతు ఒక్కసారి వినాలని ఆవిడ ప్రాణం కొట్టుకుపోతోంది.

"చేసెయ్ పిన్నీ, ఏం కాదు," అన్నాను.

"వద్దే. వాడు ఏమైనా అనుకుంటాడు. మెసేజ్ పెట్టాగా, సరే అననీ."

ఫోన్‌ని మిషను బల్లమీద ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. ఆ మధ్యాహ్నం ఒకే కాలరు కుట్టింది, విప్పింది, మళ్ళీ కుట్టింది. అన్నయ్య ఆఫీసులో తీరిక లేకుండా ఉన్నాడు. సాయంత్రానికి పెద్దమ్మ పోయింది.

గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. పాపం, ఒక్కరు కూడా మర్యాద తప్పి పిన్నికి ఫోన్ చెయ్యలేదు.

మర్నాడు ఆస్పత్రికి వెళ్తే నర్సు చెప్పింది. "మధ్యాహ్నమంతా ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉన్నారండీ. మా చెల్లెలు చేస్తుంది, నిద్రపోతే లేపమ్మా అని పదేపదే చెప్పారు."

పిన్ని ఏడవలేదు. అన్నయ్య వైపు చూసింది.

అన్నయ్య కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు. "చేసెయ్యాల్సింది పిన్నీ. సొంత అక్కకి ఫోన్ చెయ్యడానికి కూడా ఎవరైనా అడుగుతారా?"