షట్టర్ వెనక డీలక్స్ గది

ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ అంటే సగం పరీక్ష కంపెనీది, మిగతా సగం బందులది. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది, ఏ బస్సు ఎక్కడిదాకా పోతుందో డ్రైవరుకూ తెలియదు. అందుకే ముందురోజే నల్లగొండ నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో దిగాను, మేనమామ తోడుగా. ఈ ఉద్యోగం రాకపోతే నేను ఆయన ఎరువుల దుకాణంలో బస్తాలు దించాలని ఇంటిల్లిపాదీ తీర్మానించారు (దాన్ని శిక్ష అనుకోనిది మామ ఒక్కడే).

దిగగానే బస గురించి తగాదా. సైదాబాద్‌లో మావాళ్ల సత్రం ఉంది. చాప, చెంబు, వరసలో కూర్చుంటే పప్పన్నం.

"ఫ్యాను గూడ ఉందిరా అల్లుడూ."

"తిరుగుతదా?"

"కర్రతోని పొడిస్తె తిరుగుతది."

"నేల మీద కూసొని తినేటోనికి ఎవడిస్తడు మామా ఉద్యోగం?"

మామ సత్రానికి పోయాడు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దాల తలుపులున్న డీలక్స్ లాడ్జిలో దిగాను. "అంతా మోడ్రన్ అండి," అన్నాడు గోదావరి జిల్లా మేనేజరు. ఆ డీలక్స్ ఏదో బోర్డు రాయడంతోనే అయిపోయినట్టుంది. ఏసీకి చల్లదనం కన్నా చప్పుడు మీద శ్రద్ధ. టీవీ ఉంది, ఎవరూ దాన్ని ఇబ్బంది పెట్టకుండా రిమోట్ తీసేశారు. గీజరు మాత్రం గోడకు చాలా అందంగా ఉంది.

తెల్లారి టై కట్టుకుని కిందికి దిగితే అంతా చీకటి. ఉన్నట్టుండి బందట. అద్దాలు పగులుతాయన్న భయంతో మేనేజరు షట్టర్ దించి, బయట తాళం వేసి, అమాయకంగా రోడ్డు మీద నిలబడ్డాడు. లోపలున్న మనుషులకు అద్దాలపాటి విలువ లేకపోయింది. పైకి పరుగెత్తి కిటికీ తెరిచాను. కింద జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు ఆయన్ను అడుగుతున్నారు.

"ఏందన్నా, తెరిచినవా?"

"లేదండీ బాబూ! లోపల నరమానవుడు లేడండి."

"అన్నా! జర తాళం దియ్యమనుండ్రి, నాకు ఇంటర్వ్యూ ఉంది!" అని పైనుంచి అరిచాను.

"మరి గాయనెవరు?"

మేనేజరు తల పైకెత్తలేదు. "ఆయనా... లేనట్టేనండీ."

కుర్రాళ్లు పడీ పడీ నవ్వి తాళం తీయించారు. "బందు నాడు ఇంటర్వ్యూ ఏందన్నా? జెండా పట్టు," అని ఒకటి చేతిలో పెట్టారు. బస్సుల్లేవు. ఊరేగింపు ఎలాగూ ఎల్బీ నగర్ దిక్కే పోతోంది, కంపెనీ అక్కడే. నినాదాలిస్తూ చేరేసరికి కంపెనీకీ షట్టరే. ఇంటర్వ్యూ వాయిదా అని కాగితం అంటించారు.

చౌరస్తాలో ఉద్యమం వాళ్ల వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద పొయ్యిలు, పెద్ద పెద్ద గంజుల్లో అన్నం, పప్పు. వాటి మధ్య గరిటెతో మా మామ!

"సత్రపోళ్లందరం పొయ్యిలతోని ఈడికే వచ్చినం. కూసో."

కడుపు కాలుతోంది. టై భుజం మీదికి వేసుకుని తారురోడ్డు మీద వరసలో కూర్చున్నాను. మామ పప్పు వడ్డిస్తూ, "నేల మీద తినేటోనికి ఉద్యోగం రాదంటివి గద? జర ఎక్కువ తిను, మా దుకాణంల పనికొస్తవు," అన్నాడు.

వాయిదా పడ్డ ఇంటర్వ్యూకు వచ్చినప్పుడు సత్రంలోనే దిగాను. ఉద్యోగం వచ్చింది (అది పప్పన్నం మహిమే అంటాడు మామ). ఇప్పుడు ఏ ఊరెళ్లినా ఆఫీసువాళ్లు ఇచ్చేది పెద్ద హోటలే, గీజర్లు కూడా పనిచేస్తాయి. అయినా గదిలోకి వెళ్లగానే కిటికీ దగ్గరికి నడుస్తాను. అది తెరుచుకోదు, అంత మోడ్రన్. దాని అద్దంలో బట్టతలాయన ఒకడు కనిపిస్తాడు. టై కట్టుకున్న ఆ కుర్రాడి కోసం వెతుకుతాను.

లేనట్టేనండీ.