ఓవెన్ ముందు వేసిన చలి

ఆ బేకరీలో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె ‘ఎందుకమ్మ’. పిండి ఎందుకు పొంగుతుంది, బ్రెడ్డు పైపొర ఎందుకు ఎర్రబడుతుంది, కుడి మూలనున్న ట్రే ఎందుకు ఆలస్యంగా కాలుతుంది అంటూ పనిలో చేరిన రోజునుంచీ అడుగుతూనే ఉంది. అలా అడిగి అడిగి తొమ్మిదేళ్ళలో ఓవెన్ దగ్గర ఆమెను మించినవాళ్ళు లేరనిపించుకుంది. తలుపు తీసి అరచెయ్యి లోపలికి చాపితే చాలు, బన్నులకు వేడి సరిపోయిందో లేదో చెప్పేసేది.

కడుపుతో నాలుగో నెల వచ్చేసరికి ఆ వేడంతా తన ఒంట్లోకే దిగినట్టయింది. ఇంట్లో అందరూ స్వెట్టర్లు తొడుక్కుని కూర్చుంటే ఈవిడ కిటికీలు బార్లా తెరిచేది.

“అది మామూలేనే అమ్మాయ్,” అంది అత్త. “మీ ఆయన్ని మోసినప్పుడు నా వీపు మీద తడిబట్టలు ఆరేయొచ్చనేవాళ్ళు.”

“ఎందుకత్తయ్యా అలా?”

“నాకేం తెలుసు? ఆ రోజుల్లో అలా అడిగితే మా అత్త ఊరుకునేదా?”

ఆ ప్రశ్న ఆసుపత్రిలో నర్సుకు చేరింది.

“ఒంట్లో రక్తం పెరిగింది. గుండెకి పని ఎక్కువైంది. చర్మం కిందకి రక్తం ఎక్కువగా పారుతోంది కాబట్టి వెచ్చగా అనిపిస్తుంది. అది జ్వరం కాదు,” అంది నర్సు.

“మరి జ్వరమని ఎప్పుడనుకోవాలి సిస్టర్?”

“నూరు పాయింట్ నాలుగు చూపిస్తే వెంటనే మాకు చెప్పు. చెయ్యిపెట్టి చూసుకుంటే లాభం లేదు. థర్మామీటర్ కొనుక్కో.”

తన చేతిని అంత మాటన్నందుకు కాస్త చిన్నబుచ్చుకుంది గానీ, తిరిగొస్తూ దారిలోనే థర్మామీటర్ కొనేసింది. ఇక చూడాలి ఆ సంబరం! ఓవెన్ ముందునుంచి రాగానే ఒకసారి, గోదాము గదిలో అరగంట కూర్చున్నాక ఒకసారి, టీ తాగి ఒకసారి. టీ తాగగానే నూటొకటి చూపించేసరికి ఆసుపత్రికి పరుగెత్తబోయింది. అరగంటాగి చూస్తే తొంభై ఎనిమిదిన్నర! వేడివేడి టీ తాగిన నోరు ఒంటి సంగతి సరిగ్గా చెప్పదని అప్పుడర్థమైంది. ఓవెన్ దగ్గర పెరిగే ఆ కాస్త వేడీ కూర్చుని నీళ్ళు తాగితే దిగిపోతుందని కూడా తేల్చుకుంది.

“బన్నుల సంగతి చూడవే తల్లీ,” అనేది బేకరీ యజమానురాలు. “నువ్వు ఉడికావో లేదో సాయంత్రం తీరిగ్గా చూద్దాం.”

ఐదో నెల చివర్లో మూత్రానికి వెళ్తే మంట మొదలైంది. “వేడి చేసిందే, నీళ్ళు బాగా తాగు,” అంది అత్త. ఓవెన్ దగ్గర పని కదా, నిజమే అనుకుంది తను కూడా. రెండు రోజులు అలాగే గడిపేసింది.

మూడో రోజు పొద్దున తొమ్మిదింటికి రెండో విడత ట్రేలు లోపలికి తోస్తుంటే పళ్ళు టకటకలాడాయి. ఒళ్ళంతా వణుకు. ఎదురుగా ఓవెన్ భగభగలాడుతోంది, తనకేమో చలి! ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలా కాలేదు. నడుముకి కుడిపక్కన ఎవరో పిడికిలితో నొక్కుతున్నట్టు నొప్పి. గోదాములోకి వెళ్ళి పిండి బస్తాల పక్కన అరగంట కూర్చుని, అప్పుడు చూసుకుంది. నూటొకటి పాయింట్ ఎనిమిది.

వ్యాను నడిపే భర్త కిరాయికి వెళ్ళాడు, సాయంత్రానికి గానీ రాడు. ఇంటికి ఫోన్ చేస్తే అత్త పరుగున వచ్చింది, చేతిలో మాత్రలతో.

“మోకాళ్ళ నొప్పులకని నాకిచ్చిన బిళ్ళలివి. ఒకటి వేసుకో, చిటికెలో చల్లబడతావు.”

“మీ మోకాళ్ళకిచ్చిన బిళ్ళ నా బిడ్డకి పడుతుందా అత్తయ్యా?”

అత్త బిళ్ళలు కొంగున ముడేసుకుంది. ఈలోగా యజమానురాలు ఆసుపత్రికి ఫోన్ కలిపేసింది. “సాయంత్రం దాకా ఆగొద్దు, ఇప్పుడే తీసుకురండి,” అంది నర్సు.

డాక్టరమ్మ మూత్రం పరీక్ష చేయించి, నడుము మీద తట్టి చూసింది. మూత్రంలో చేరిన ఇన్ఫెక్షన్ మూత్రపిండం దాకా పాకిందట. ఆసుపత్రిలో చేర్చుకుని, సెలైన్ పెట్టి, నరానికి మందు ఎక్కించి, జ్వరానికి పారాసిటమాల్ ఇచ్చారు. అత్త తెచ్చిన మాత్రలు చూసి, “ఇవి వేయకపోవడమే మంచిదైంది. కడుపుతో ఉన్నవాళ్ళు మమ్మల్ని అడక్కుండా ఇలాంటివి వేసుకోకూడదు,” అంది డాక్టరమ్మ. అత్త ముఖం పాలిపోయింది.

పొట్ట మీద చిన్న యంత్రం ఆనిస్తే బిడ్డ గుండె చప్పుడు గది నిండా వినిపించింది, ఎవరో తరుముతున్నట్టు.

“ఎందుకంత పరుగు డాక్టరమ్మా?”

“నీకు జ్వరం కదా, దాని గుండె కూడా జోరందుకుంది. నీది దిగితే అదీ నెమ్మదిస్తుంది.”

“మరి ఓవెన్ ముందు నాకు చలెందుకు వేసింది?”

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. “ఓవెన్‌కి వేడెంతుండాలో మీట తిప్పి పెడతావు కదా. జ్వరమొస్తే మెదడు ఆ మీటని పైకి తిప్పుతుంది. ఒళ్ళు అక్కడిదాకా చేరేవరకూ వణుకే.”

“అంటే ఓవెన్ దగ్గర నాకెక్కేది బయటి వేడి. ఇది లోపల్నుంచి మీట తిప్పిన వేడి.”

“అంతే. అయితే ఆ బయటి వేడి కూడా మితిమీరితే మంచిది కాదు. ప్రసవం అయ్యేదాకా ఓవెన్ వైపు వెళ్ళకు.”

అసలు ప్రశ్న ఆఖరికి మిగిలింది. అదీ మెల్లగా అడిగింది. “బిడ్డకేమైనా అవుతుందా?”

“ఇంకో రెండు రోజులు ఊరుకునుంటే కష్టమయ్యేది. చలి మొదలైన పూటే వచ్చావు. రేపు స్కాన్‌లో చూద్దాం.”

మర్నాటికి జ్వరం దిగింది. బిడ్డ గుండె నిదానించింది. స్కాన్ చూసి బిడ్డ బాగానే ఉందని డాక్టరమ్మ చెప్పాక గానీ అత్తాకోడళ్ళిద్దరూ ఊపిరి పీల్చుకోలేదు. నాలుగో రోజున ఇంటికి పంపించారు. మందులు పూర్తిగా వాడింది, మళ్ళీ పరీక్ష చేయించుకుంది. బేకరీలో ఆమెను ఫ్యాను కింద కేకులకు క్రీము పూసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మొదట్లో క్రీము అడ్డదిడ్డంగా పోయేది, నెల తిరిగేసరికి గులాబీలు కూడా వేసింది.

తొమ్మిదో నెల నిండాక ఆడపిల్ల పుట్టింది, మూడు కిలోలకి కాస్త తక్కువ. అత్త ఒళ్ళోకి తీసుకుని, చుట్టిన గుడ్డ విప్పి కాళ్ళు చూసి, “ఇవేం కాళ్ళే తల్లీ, ఇంత పొడుగున్నాయి!” అని మురిసిపోయింది.