విమానంలో పొగ చూసినవాణ్ణి

ఎగరాల్సిన విమానాన్ని నోటితో అరగంట నేల మీదే నిలబెట్టిన మనిషిని నేను. చేతిలో ఏ ఆయుధమూ లేదు. ఉన్నదల్లా తెనాలి నుంచి తెచ్చుకున్న గొంతు, గాలి గురించి నాకు తెలియనిది లేదన్న నమ్మకం. ఆ రెండూ కలిస్తే ఎంత అనర్థం జరుగుతుందో చెబుతాను, మీరు నిదానంగా నవ్వుకోండి.

అప్పటికి నేను రాయచూరు పక్కనున్న శక్తినగర్ విద్యుత్ కేంద్రంలో చేరి మూడేళ్ళు. బాయిలర్‌కు గాలి తోసే పెద్ద ఫ్యాన్ల దగ్గర పని. ఆ హోరులో ఎవరితో ఏం చెప్పాలన్నా చేతులు ఊపడమే. డ్యూటీ దిగి కంపెనీ బస్సెక్కితే అందరూ నిద్రలో ఉండేవారు. క్వార్టర్‌కు వస్తే నేనూ, ఒక మంచమూ. పాలవాడితో అన్న "అర లీటరు" తప్ప మరో మాట లేకుండా గడిచిపోయిన ఆదివారాలున్నాయి. అందుకే వారం రోజుల శిక్షణకు కలకత్తాకు విమానంలో పంపుతామని ఆఫీసులో చెప్పినప్పుడు నాకు మేఘాలు గుర్తుకు రాలేదు. పక్క సీట్లో ఒక మనిషి ఉంటారు, పైగా బెల్టుతో కట్టేసి ఉంటారు, లేచి వెళ్ళిపోలేరు. నా సంతోషమంతా అదే.

హైదరాబాద్‌లో ఆ రోజు ముసురు. తలుపులు మూశారు గానీ విమానం కదలదు. లోపల ఒకటే ఉక్క. జనం సీటు జేబులో ఉన్న అట్టలు తీసి విసురుకుంటున్నారు. మా వరుసలో మూడు సీట్లుంటే ఒకటి ఖాళీ. కిటికీ పక్కన కూర్చున్నావిడ పేరు అంబమ్మ. రాయచూరు స్టేషన్ దగ్గర ఖానావళి, అంటే జొన్నరొట్టెల భోజనశాల నడిపి, ఈ మధ్యే మూసేసిందట. కలకత్తాలో ఉన్న చెల్లెల్ని చూడటానికి వెళుతోంది. విమానం ఎక్కడం నాలాగే ఆమెకూ మొదటిసారి.

"ఈ కిటికీ తెరుస్తరా సారూ?" అని అడిగింది.

ఈ ప్రశ్న కోసమే నేను మూడేళ్ళుగా బతికి ఉన్నాననిపించింది.

"తెరవరమ్మా. ఇది అన్ని వైపులా మూసిన డబ్బా. గాలి సంగతి నన్నడగండి, నా ఉద్యోగమే గాలి."

"మరి లోపటికి గాలి ఏడికెల్లి వస్తది?"

విమానం ఇంజన్లు బయటి గాలినే లాగి, దాన్ని చల్లబరిచి లోపలికి పంపుతూ ఉంటాయి. లోపలి గాలి నిమిషాల్లో మారిపోతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణంలో "తెలియదు" అనొచ్చు. కానీ అంటే మాట అక్కడే ఆగిపోతుంది కదా.

"ట్యాంకులో నింపుకొస్తారు. రెండున్నర గంటలకు సరిపడా."

"ఆలస్యమైతే?"

"అందుకేనమ్మా, నిదానంగా పీల్చాలి."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వేడి పాలు తాగినట్టు కొంచెం కొంచెంగా పీల్చడం మొదలుపెట్టింది. వెనక సీటు పెద్దమనిషి కూడా విన్నట్టున్నాడు, ఆయన ఊపిరి చప్పుడు ఆగిపోయింది. నా మాటను ఒకేసారి ఇద్దరు మనుషులు పాటించడం శక్తినగర్‌లో ఎప్పుడూ జరగలేదు.

అంతలో మా తలల పైనున్న సందుల్లోంచి బుస్సుమంటూ తెల్లగా, చిక్కగా ఏదో దిగడం మొదలైంది.

నేను బెల్టు విప్పి లేచాను. "పొగ, పొగ. అందరూ వంగండి. రుమాళ్ళు తడిపి ముక్కుకు పెట్టుకోండి. తలుపులు తీయించండి." తెలుగులో చెప్పాను, హిందీలో చెప్పాను, ఉన్నంత ఇంగ్లీషూ ఖర్చుపెట్టాను. ఒకాయన పైనుంచి సంచులు దించేశాడు. ఒకాయన చెప్పుల కోసం సీటు కిందికి దూరి అక్కడే ఇరుక్కున్నాడు. వెనక పెద్దమనిషి సీసా నీళ్ళన్నీ రుమాలు మీద పోయబోయి నా నెత్తిన పోశాడు.

ఎయిర్‌హోస్టెస్ పరుగున వచ్చింది. తెలుగమ్మాయే.

"ఏమైంది సర్?"

"పొగ వస్తోందమ్మా. నేను పవర్ ప్లాంటులో ఫ్యాన్ల మనిషిని, నాకు తెలుసు."

"పొగ కాదు సర్. బయట తేమ ఎక్కువగా ఉంది. చల్లగాలి వదలగానే ఆ తేమ మంచులా కనిపిస్తుంది. వానాకాలంలో మామూలే. మీకు వాసన ఏమైనా వచ్చిందా?"

నేను ముక్కు ఎగబీల్చాను. తడిసిన నా చొక్కా వాసన తప్ప ఏమీ లేదు. అప్పుడు అంబమ్మ కొంగు తీసి నెమ్మదిగా చెప్పింది.

"వాసన లేదు బిడ్డా. నలబై ఏండ్లు కట్టెల పొయ్యి ఊదిన. పొగైతే కండ్లు మండుతయి గద. సారుకు చెప్దామనే అనుకున్న. గాలి పొదుపు చెయ్యమన్నడని నోరు మూసుకున్న."

విమానం మొత్తం నవ్వింది. ఇరుక్కున్నాయన కూడా సీటు కిందనుంచే నవ్వాడు. సంచులు సర్ది, అందరినీ కూర్చోబెట్టి బయలుదేరేసరికి అరగంట పట్టింది. "అమ్మగారు భయపడ్డారు" అంటూ ఆ అమ్మాయి అంబమ్మను ముందు వరుసకు తీసుకెళ్ళింది.

మూడు సీట్లూ నావే. కాళ్ళు చాపుకునే చోటు, నెత్తిన చల్లని గాలి. ప్రయాణికుడికి అంతకన్నా సుఖం ఉండదు. కిటికీ వైపు తిరిగి మేఘాలు చూశాను. బాగున్నాయి. బాగున్నాయని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. కళ్ళు మండాయి, పొగ లేకుండానే.

చాలాసేపటికి అంబమ్మ సీట్లు పట్టుకుంటూ నడిచొచ్చి, నా పక్కన కూలబడింది.

"ఏంటమ్మా, వచ్చేశారు?"

"ఆడ పక్కన కూసున్నాయన, ఏమన్న అడిగితే ఇంగ్లీషుల నవ్వుతడు. నాతోని గాదు. ఖానావళి మూసినకాడికెల్లి ఇంట్ల మాట్లాడెటోళ్ళు లేరు సారూ. గోడతోని ఎంతసేపని మాట్లాడుత? నువ్వు జూటా చెప్తవు గని, మాట్లాడుతవు. ఏమన్న చెప్పు. గాలి సంగతి వద్దు."

నోరు తెరిచాను. గాలి తప్ప నా దగ్గర చెప్పుకునే సంగతి ఒక్కటీ లేదని అప్పుడే తెలిసింది.

ఆవిడే చెప్పింది, ఎవరు ఎన్ని రొట్టెలు తినేవాళ్ళో, ఎవరు తినకుండా కూర్చుని ఏడ్చేవాళ్ళో. కలకత్తా ఇంత దగ్గరగా ఎందుకు కట్టారో అనుకుంటూ విన్నాను. బయటికి రాగానే చెల్లెలు ఆమెను వాటేసుకుంది. ఇద్దరూ మాట్లాడుకుంటూ జనంలో కలిసిపోయారు. రాయచూరులో ఇల్లెక్కడో కూడా నేను అడగలేదు.

ఆ సాయంత్రం గెస్ట్‌హౌస్ గది మధ్యలో నిటారుగా నిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని ప్రమాణం చేశాను: విమానంలో తెల్లనిది ఏది కనిపించినా వాసన చూడనిదే నోరు విప్పను, తెలియనిదాన్ని తెలియదనే చెబుతాను. ఇంత గొప్ప ప్రమాణానికి సాక్షి ఉండాలి కదా అని తలుపు తీసి చూశాను. వరండా పొడవునా ఎవరూ లేరు.

తలుపు తెరిచే ఉంచి, ప్రమాణం మళ్ళీ ఒకసారి, కాస్త గట్టిగా చేశాను.