డీజే గడిలో పడ్డ కాయ

మా ఊరివాళ్ళు ఎక్కడ నవ్వినా ఎవరూ ఊరి పేరు అడగరు. పళ్ళ మీద గోధుమరంగు చారలు చూసి, "మర్రిగూడ దిక్కా?" అంటారు. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు సర్టిఫికెట్లంటూ ఏమీ లేవు గానీ, ఈ ఒక్కటి మాత్రం నోట్లోనే పెట్టుకుని తిరుగుతాను. ఫ్లోరైడు బోరునీళ్ళు నా దగ్గర పళ్ళతో సరిపెట్టుకున్నాయి. మా అక్క దగ్గర అట్లా ఆగలేదు. ముందు మోకాళ్ళు, తర్వాత నడుము, ఆ తర్వాత మెడ. తెలంగాణ వచ్చి, ఇంటి ముందు నల్లాలో కృష్ణ నీళ్ళు పడేనాటికి ఆమె ఎముకలు తాగాల్సిన విషమంతా తాగేశాయి. మొదటి బిందె నిండిన రోజు నేను సంబరంగా, "అక్కా, మంచినీళ్ళొచ్చినయ్!" అని కేకేశాను. గోడ పట్టుకుని గడప దాకా వచ్చి, బిందెలోకి వంగి చూసింది. వంగడానికి ఆమె కొత్తగా కష్టపడాల్సింది ఏమీ లేదు.

"జర తొందరొచ్చినయ్ రా" అంది.

మా ఇంట్లో ఎకసెక్కాలు అక్క దగ్గర నుంచి నాకు వచ్చాయే తప్ప, నా దగ్గర నుంచి అక్కకు కాదు.

బావ పోయాక ఆమె మా దగ్గరే ఉంటోంది. ఊరికి ఆమెతో ఉన్న పని ఒక్కటే, బతుకమ్మ పాట ఎత్తడం. ఆడవాళ్ళు బతుకమ్మలను నడుమ పెట్టి, చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతుంటే ఒక్క గొంతు పాదం అందుకోవాలి, మిగిలిన వాళ్ళంతా "ఉయ్యాలో" అని వంత పలకాలి. అందుకునే గొంతు మా అక్కది. కాళ్ళు వంగి తిరగలేకపోయినా, అరుగు మీద కూర్చుని ఎత్తేది. అరుగు మీద నుంచి వచ్చే పాదానికి అంతమంది కాళ్ళు కదిలేవి.

తర్వాత ఊళ్ళోకి డీజే వచ్చింది. నేను దేవరకొండలో టెంట్‌హౌస్‌లో పనిచేస్తాను. షామియానాలు, కుర్చీలు, వంట బగోనలు, వాటితోపాటు మనిషెత్తు సౌండు పెట్టెలు. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు మా వాడకట్టులో ట్రాలీ మీద నుంచి పెట్టెలు దించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అక్క అరుగు మీద నుంచి చూసింది.

"నువ్వే మోసుకొచ్చినవా తమ్మీ?"

"నేనొక్కణ్ణెట్ల మోస్తనక్కా, నలుగురం పట్టినం."

"నాకు పోటీ దెచ్చేటోడివి, జర సన్నదైనా తేకపోతివి."

అందరూ నవ్వారు. పెట్టెలు మోగాయి. అరుగుకు వీపు పెట్టి ఆడవాళ్ళు తిరగడం మొదలుపెట్టారు. అక్క కాసేపు పెదవులు కదిపింది, తర్వాత ఆపింది. మరుసటి ఏడు అరుగు మీదికి రానంది. ఆ పైన పాట మాత్రమే కాదు, మాటా తగ్గింది, ముద్దా తగ్గింది. గోడ వైపు తిరిగి పడుకోవడం మాత్రం ఎక్కువైంది.

నల్లగొండలో ఒక దవాఖానకు తీసుకుపోతే, డాక్టరమ్మ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. నన్ను పక్కకు పిలిచింది. "ఎముకలకు చేయగలిగింది ఏం లేదు. ఇప్పుడు పక్కటెముకలు కూడా బిగుసుకుంటున్నాయి. ఊపిరి లోతుగా తీయకపోతే ఛాతీ అట్లాగే పట్టేస్తుంది. అప్పుడు చిన్న జలుబు చేసినా తట్టుకోలేదు" అంది. ఒక ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టింది. లోపల మూడు గోళీలు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే గోళీలు పైకి లేవాలి.

"పాటలేమన్నా పాడుతుందా?" అని అడిగింది.

"పాడేది."

"పాడించండి. ఈ డబ్బా కంటే అదే నయం."

డబ్బాను సంచిలో పెట్టుకుని, అక్కను బస్సెక్కించాను.

ఇంటికొచ్చాక డబ్బా ఇస్తే అక్క దాన్ని తిప్పి తిప్పి చూసింది. "నేనేమన్న చిన్నపోరినా, గోళీలాడుకోను?" అని మంచం కింద పెట్టేసింది. దాన్ని బయటికి తీయించలేకపోయాను. పాడమని బతిమాలాను. నా భార్య బతిమాలింది. పక్కింటి పెద్దవ్వ వచ్చి, "బిడ్డా, ఒక్క పాదమన్న అను" అంది. గోడ ఎంత పలికిందో అక్కా అంతే పలికింది. పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని ఆమె మంచం దగ్గర నిలబడి, కప్పుకున్న దుప్పటి లేస్తోందా లేదా అని చూడడం నాకు అలవాటైంది. దుప్పటి కదిలితే చాయ్ కింద పెట్టేవాణ్ణి. కదలడం ఆలస్యమైతే గ్లాసు చెయ్యి కాలుస్తున్నా తెలిసేది కాదు.

గోళీల డబ్బాను బొమ్మ అని తోసేసింది కదా, అయితే ఆమెకు తగిన బొమ్మ నేనే చేస్తానని అప్పుడు అనుకున్నాను. పిచ్చి ఆలోచనే. కానీ నా దగ్గర వేరేది లేదు.

టెంట్‌హౌస్ వెనక పాత సామాను గుట్టలో ఒక సైకిలు రిమ్ము దొరికింది. దాన్ని పీట మీద పడుకోబెట్టి, మేకుతో బిగించి, తిరిగేలా చేశాను. పందిళ్ళకు కట్టే సాటిన్ గుడ్డ ముక్కలు చుట్టి ఆడబొమ్మలు చేసి, రిమ్ము అంచున నిలబెట్టాను. కింద కూల్‌డ్రింక్ మూతలు జతలు జతలుగా కట్టాను. రిమ్ము తిప్పితే మూతలు ఒకదానికొకటి తగిలి టప్పు టప్పుమని చప్పట్లు. నా భార్య చూసి, "నీ చేతులకు గింత తెలివి ఎప్పుడొచ్చిందయ్యా?" అని అడిగింది. నడుమ ఖాళీగా ఉంటే బాగుండదని, అక్క పాత చీర అంచు ముక్కతో ఒక పెద్ద బొమ్మ చేసి అక్కడ కూర్చోబెట్టాను. అంతా నిలబడి తిరిగేవాళ్ళే, కూర్చున్నది ఆమె ఒక్కతే. మహారాణిలా ఉంటుందని నా లెక్క.

మంచం పక్కన పెట్టి తిప్పాను. టప్పు టప్పు. అక్క గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. రిమ్మును ఇంకాస్త గట్టిగా తిప్పాను.

"నడుమున్నది ఎవరు?"

"నువ్వేనక్కా! నువ్వు కూసుంటే ఊరంత నీ సుట్టు తిరుగుతాంది సూడు."

చాలాసేపు చూసింది. ఆమె మొహంలో కోపం లేదు. ఉంటే తట్టుకునేవాణ్ణి.

"నడుమున్నదాన్ని ఆఖరికేం జేస్తర్రా?" అంది మెల్లగా. "నీళ్ళల్ల ఇడుస్తరు."

రిమ్ము ఇంకా తిరుగుతూనే ఉంది. చెయ్యి పెట్టి ఆపాను. ప్రతి ఏడూ కళ్ళ ముందు జరిగేదే, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్నదే. బతుకమ్మను ఎంత ముద్దుగా పేర్చినా, ఎంతసేపు చుట్టూ తిరిగినా, చివరికి సాగనంపుతారు. మా ఊళ్ళో చిన్నపిల్లను అడిగినా చెప్పే సంగతి. సాటిన్ గుడ్డ మెరుపులో నాకు తట్టలేదు. పైగా నీళ్ళు! ఆ నీళ్ళ వల్లే కదా ఆమె అట్లా అయింది.

ఆ రోజు ఆమె ముద్ద ముట్టలేదు. నా భార్య మధ్యాహ్నం గిన్నె అట్లాగే వెనక్కి తెచ్చి, నా ముందు పెట్టి లోపలికి పోయింది. రిమ్మును మేకల కొట్టం మీద పారేశాను. మేకలు కదిలినప్పుడల్లా అది పైన చప్పట్లు కొట్టేది.

ఇక మిగిలింది పచ్చీసు ఆట. అక్క ఒకప్పుడు గవ్వలు పడితే వాడకట్టులో ఎవ్వరినీ గెలవనిచ్చేది కాదు. మోచేతులు చాపలేకపోయినా మణికట్లు ఇంకా ఆడుతున్నాయి. ఎవరిదో పెళ్ళి ఫ్లెక్సీ చింపకుండా తెచ్చి, వెనక తెల్లటి వైపు గడులు గీశాను. బోర్లా వేస్తే పచ్చీసు, తిరగేస్తే పెళ్ళికొడుకు మీసాలు. మామూలు పచ్చీసైతే ఆమె ఆడి ఊరుకుంటుంది. కాబట్టి గడులన్నీ ఆటపాటలతో నింపాను. డప్పు గడిలో పడితే ఇంకోసారి గవ్వలు వేయొచ్చు. ఒగ్గుకథ గడిలో పడితే కథ సాగినట్టు నాలుగు గడులు ముందుకు. మైకు కుయ్యిమన్న గడిలో పడితే వెనక్కి. ఓడినవాళ్ళు పాట పాడాలి. అసలు ఆట అంతా ఈ ఒక్క రూలు కోసమే.

ఒక మూలన నల్లగా డీజే గడి పెట్టాను. ఎకసెక్కం కోసం పెట్టాను. "ఇండ్ల పడ్డ కాయ సచ్చినట్టే. ఆట అయిపోయేదాంక కదలదు. పెట్టె మోగుతది కాబట్టి ఆ కాయ మనిషి ఓడినా పాడే పనిలేదు" అని రూలు చెప్పాను.

అక్క, నా భార్య, పెద్దవ్వ, నేను. నలుగురం మంచం చుట్టూ. మొదటి రోజులు అక్కే గెలిచింది. ఓడిన పెద్దవ్వ పాడింది, నా భార్య పాడింది. అక్క వింటూ గవ్వలు ఏరుకుంది. కనీసం ఆటకు లేచి కూర్చుంటోంది కదా అని సర్దుకున్నాను. కానీ కూర్చున్నా ఊపిరి పైపైనే ఆడుతోంది. నాలుగు మాటలకు ఆగుతోంది. కాళ్ళు కాదు, ఛాతీ పట్టేస్తోందని నా కంటికి కూడా తెలుస్తోంది.

ఒకనాటి మధ్యాహ్నం గవ్వలు ఆమె మాట వినలేదు. పెద్దవ్వ గెలిచింది, నా భార్య గెలిచింది. నాకు ఒక కాయ మిగిలింది, అక్కకు రెండు. ఆమె ఓడాలి, అంతే. నేను దేవుళ్ళందరినీ తలుచుకున్నాను, ఆలంపూర్ జోగులాంబకు కొబ్బరికాయ కూడా మొక్కుకున్నాను. అక్క గవ్వలు వేసింది. లెక్కపెట్టుకుంది. ఇంటి దారిలో నడిచే కాయను వదిలేసి, వెనకున్న కాయను వేలితో నెట్టుకుంటూ తీసుకుపోయి డీజే గడిలో పెట్టింది. కావాలనే పెట్టింది.

"గదేందక్కా! సచ్చింది గద కాయ!"

"సావనీయ్" అంది. "నాకు డీజే ఉంది. ఇగ నాకెందుకు పాట?"

అది నేను పెట్టిన రూలే. నాకు ఒళ్ళు మండింది. బొగ్గుతో గీసిన నల్ల గడిని తడిబట్టతో తుడిచేయబోయాను. అక్క వంకర వేళ్ళతో నా మణికట్టు పట్టుకుంది.

"తుడువకు. ఊర్ల తుడువగలవా?"

తడిబట్ట కింద పెట్టేశాను. మేకలు దొడ్లో పడ్డ చప్పుడు విని, పెద్దవ్వ కర్ర పట్టుకుని బయటికి పోయింది. నా భార్య పొయ్యి మీద అన్నం చూడాలని లేచింది. పోతూ పోతూ నా మీద విరుచుకుపడింది. "ఏం సూస్తున్నవయ్యా? వదినెకు డీజే ఉంది. మిగిలింది నువ్వే. ఓడినవ్, పాడు!"

నా గొంతు సంగతి చెప్పాలి. టెంట్‌హౌస్‌లో మైకు బాగుందో లేదో చూడడానికి "హలో" అనమంటారు, నేను అంటే మైకే పాడైందనుకుంటారు. పైగా బతుకమ్మ పాట మగవాడి నోటికి అలవాటయ్యేది కాదు. అయినా పాడాను. ఏడుపు ఆపుకోవడానికి వేరే దారి కనబడలేదు. పాట రాదు కాబట్టి కళ్ళ ముందున్నదే ఎత్తాను.

"టెంటు కర్రలు మోస్తి..."

అని ఆగాను. అక్కడ ఆగాలి. అది బతుకమ్మ పాట నడక. పాదం ఎత్తినవాడు వంత వచ్చేదాకా ఆగాలి, వంత రాకుండా రెండో పాదం ఎత్తకూడదు. కానీ వంత పలకాల్సిన పెద్దవ్వ మేకల వెంట, నా భార్య పొయ్యి దగ్గర. నా పాదం ఇంటి నడుమ వేలాడుతూ నిలబడింది. మళ్ళీ అన్నాను, "టెంటు కర్రలు మోస్తి..." మళ్ళీ ఎవరూ లేరు. మూడోసారి నా గొంతు సగంలోనే విరిగింది.

మంచం మీద నుంచి సన్నగా, గాలి ఎక్కువా శబ్దం తక్కువా అన్నట్టు వచ్చింది.

"...ఉయ్యాలో."

నేను అటు చూడలేదు. చూస్తే ఆపేస్తుందని భయం. ఫ్లెక్సీ మీద గడులు చూస్తూ తర్వాతి పాదం కల్పించాను. "నా బుజమంత అరిగె..." ఆగాను. ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. చిన్నదే, కానీ పైపైది కాదు. "...ఉయ్యాలో." అన్నం చూడబోయిన నా భార్య గరిటె పట్టుకుని తలుపు దగ్గర నిలబడిపోయింది. నేను చేత్తో కదలొద్దన్నట్టు సైగ చేశాను. అన్నం మాడిన వాసన వచ్చినా కదలలేదు.

అక్క పాట ఎత్తుతుందని అనుకున్నాను. ఎత్తలేదు. ఆ రోజు కాదు, ఆ తర్వాత కూడా కాదు. పాదం అందుకునే గొంతు ఆ డీజే గడిలోనే ఉండిపోయింది, నేను తీయలేకపోయాను. ఊరంతటితో వంత పలికించిన మనిషి ఇప్పుడు నా బొంగురు గొంతుకు వంత పలుకుతుంది, అదీ నేను ఓడితేనే. కాబట్టి రోజూ ఓడతాను. ఓడడం కష్టమేం కాదు, నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. కష్టం పాదాలు కల్పించడం. పొద్దంతా కుర్చీలు మోస్తూ కూడా పాదాలే వెతుక్కుంటాను. టెంట్‌హౌస్‌లో తోటివాళ్ళు "ఏంది రా గొణుగుతున్నవ్, పిచ్చెక్కిందా?" అంటారు. ఎక్కిందని చెబుతాను.

ఛాతీ బిగుసుకోవడం ఆగలేదు. జర మెల్లగైందని డాక్టరమ్మ అంది, అంతకు మించి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. ఈ ఏడు సద్దుల నాడు వీధిలో పెట్టెలు మోగుతుంటే, తలుపేసుకుని లోపల ఫ్లెక్సీ పరిచాము. కిటికీ ఊచలు అదిరాయి, గవ్వలు వాటంతట అవే కదిలాయి. నేను ఓడిపోయాను. పాదం ఎత్తి ఆగాను. బయటి మోతలో వంత వినబడలేదో, అసలు రాలేదో తెలియలేదు. అక్క పెదవుల వైపు చూశాను. కదలడం లేదు. కళ్ళు మూసి ఉన్నాయి. మంచం మీదికి వంగాను. అక్కా అని పిలవబోయాను.

"ఉయ్యాలో" అంది. కళ్ళు తెరిచింది. "గంత పొడుగు పాదమేంది రా? నా ఊపిరి సరిపోవద్దా? జర కురచగ పాడు."

కురచగా పాడాను.