జావకు కొళాయి

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, పటాలం నుంచి తిరిగివచ్చాడంటే గోరంట్లలో జనం ముందు పతకాల కోసం ఆయన ఛాతీ వైపు చూసేవారు. ఆయన అక్కడ తుపాకీ పట్టలేదు. స్టోర్సులో బియ్యం తూచాడు. అంగళ్ల ఇంట పుట్టినవాణ్ణి ఎక్కడికి తీసుకుపోయినా త్రాసు దగ్గరే నిలబెడతారు. అయితే ఆ త్రాసు చాటునే ఆయన బీరు రుచి మరిగాడు. దాన్ని ఎట్లా చేస్తారో ఒక వంటవాడి దగ్గర నేర్చుకుని మరీ వచ్చాడు.

అప్పట్లో మా జిల్లాలో మద్యనిషేధం. ఇంట్లో ఏదైనా పులిసిందని పోలీసులకు తెలిస్తే జైలు సంగతి తర్వాత, ముందు నాయన కంట్రోలు అంగడి లైసెన్సు పోతుంది. చక్కెర, కిరసనాయిలు దాని మీదే వచ్చేవి. వానలు ఎగ్గొట్టిన ఏడు మిగతా సరుకు మీద ఈగలు తోలుకుంటూ మేమంతా ఆ రెండింటితోనే బతికాం. నాయన లైసెన్సుకు అద్దం కట్టించి లక్ష్మీదేవి పటం పక్కన తగిలించాడు. పూలు కొరవైన రోజు దండ ఎవరికి పడేదో నేను చెప్పను.

అందుకే మామ బీరు మాట ఎత్తగానే నాయన అమ్మను పిలిచి, నీ తమ్ముడు ఈ ఇంట్లో ఏమన్నా పులియబెడితే ఆ లైసెన్సుతో పాటు వాణ్ణీ వదులుకోవాల్సి వస్తుందని చెప్పాడు. మామ మాత్రం, బీరంటే సారా కాదు బావా, గంజికి అన్న అవుతుంది అన్నాడు. నాయన రోజంతా ముందు అంగట్లో కూర్చునేవాడు. వెనక గోడౌను మా చేతుల్లో ఉండేది.

మామ నన్ను కలుపుకున్నది బేరాల కోసం. నాకు అప్పటికి మీసం వచ్చింది. బేరంలో ఊరికి మొనగాణ్ణని నా అభిప్రాయం. పాత సామాన్ల గుజిరీ అంగట్లో భాయ్‌తో ఒక పూటంతా వాదించి ఒక సొట్ట రాగి అండా, ఒక ఇత్తడి కొళాయి తెచ్చాను. భాయ్ చివరికి రెండు చేతులూ ఎత్తేసి తీసుకుపొమ్మన్నాడు. గెలిచిన సంతోషంలో కొళాయి లోపల తోలు బిళ్ల లేదని చూసుకోలేదు. అండాకు అడుగున కొళాయి బిగించి నీళ్లు పోస్తే మూసినా తెరిచినా ఒకటే ధార. మామ ఒక చెప్పు తోలు కత్తిరించి బిళ్ల వేశాడు. కొత్త తోలేలే అన్నాడు. నాయన మర్నాడు ఒక కాలి చెప్పు కోసం ఇల్లంతా వెతికాడు.

ఇక పని ఇదీ. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చాక మిద్దె మీద ఎండబెట్టాలి. విసిరిన పిండిని అండాలో వేడి నీళ్లతో కలిపి ఆ వేడి ఒక పూట నిలబెట్టాలి. అప్పుడు పిండి తనంతట తానే తియ్యగా మారుతుంది. ఆ తియ్యనీళ్లను కొళాయిలోంచి వడగట్టి, చల్లార్చి, రొట్టెల బట్టీ నుంచి తెచ్చిన ఈస్టు వేస్తే బీరు. ఈస్టు పడనంత వరకు అది ఉత్త జావే. ఈ తేడా మీదే తర్వాత మా కొంప నిలబడింది.

వేడి కొలవడానికి మామకు ఒక లెక్క ఉండేది. స్నానానికి ఎక్కువ, కాఫీకి తక్కువ. అది నిలవాలని అండాను, కొళాయి బయటికి వచ్చేలా చిల్లు పెట్టిన పెద్ద నూనె పీపాలో దించి, చుట్టూ వేరుసెనగ పొట్టు కూరి, పైన గోనెసంచులు కప్పాం. పొట్టుకు మాత్రం మా జిల్లాలో కరువు లేదు. నీళ్లకే కరువు. ఊరవతల బావి నుంచి మోసుకొచ్చిన కడవను మామ అండాలో వంచినప్పుడల్లా, తాగే నీళ్లు పోసి తాగకూడనిది చేస్తున్నాడని అమ్మ గొణిగేది.

మొదటిసారి కొళాయి తిప్పితే చుక్క రాలేదు. అడుగున జల్లెడగా మేం పెట్టింది బూందీ దూసే చిల్లుల గరిటె, పిడి కోసేసి. పిండి మెత్తగా ఉండటంతో చిల్లులన్నీ పూడుకుపోయాయి. మామ కొళాయికి నోరు పెట్టి ఊదాడు. ముద్ద పైకి ఎగిరి మొహాన పడింది. ఆ ముద్ద గేదెకు పెట్టాం. రెండోసారి రవ్వలా విసిరి, గరిటె మీద వడ్ల పొట్టు పరిచాం. ఈసారి ధార తేనె రంగులో దిగింది. మామ వేలితో నాకి కళ్లు మూసుకున్నాడు. పక్కన చెంబులో ఈస్టు అప్పటికే నురగ కడుతోంది.

సరిగ్గా అప్పుడు హెడ్డు కానిస్టేబులు వచ్చాడు. వారానికోసారి చింతపండుకు వచ్చే మనిషి. దుడ్లివ్వడం ఆయనకు అలవాటు లేదు. వాసన పట్టుకుని నేరుగా గోడౌనులోకి నడిచాడు. వెనకే నాయన.

"ఏంది శెట్టీ ఇది?"

నాయన కంటే ముందు నేనే అందుకుని, జావ సార్, మొలకల రాగిజావ, అన్నాను.

"జావకు కొళాయి ఎందుకప్పా?"

"గంటెతో పోస్తే కొలతలో తేడా వస్తాది సార్. అమ్మే సరుకు గదా."

అబద్ధమే, కానీ అంగడివాడి నోట అంత సహజంగా వచ్చే అబద్ధం ఇంకొకటి లేదు. హెడ్డు చెంబు వైపు చూశాడు. అమ్మ గబగబా వచ్చి, నా దోసెల పిండికి పెట్టుకున్నదాన్ని ఈడ పెట్టినారా అని విసుక్కుంటూ దాన్ని తీసుకుపోయింది. బీరు పేరు చెబితే చెవులు మూసుకునే మనిషి. వంటింట్లోంచి పిండి గిలకొట్టే చప్పుడు వినబడింది. మామ గోనెసంచి మీద కూలబడ్డాడు.

హెడ్డు లోటా పట్టి తాగాడు. మళ్లీ పట్టాడు. కూతురు పురిటికి వచ్చి ఉందని, ఏం పెట్టినా వాంతి చేసుకుంటోందని, ఇది ఇముడుతుందేమో అని అన్నాడు. ఎంత కావాలన్నా పట్టుకుపొమ్మని నాయన చేతులు కట్టుకున్నాడు. ఊరికే అనే మాట ఆయన నోట రాబోయేంతలో నేను అడ్డం వచ్చాను.

"బోణీ సార్. బోణీ ఊరికే ఇయ్యకూడదు. మీకే మంచిది కాదు."

నాయన నా వీపు మీద గిల్లిన చోటు ఇప్పటికీ చూపించగలను. ఎదురుగా పోలీసు, అవతల గోడ మీద లైసెన్సు, నేను బేరమాడుతున్నాను. హెడ్డు నన్ను చూశాడు, కొళాయిని చూశాడు. పురిటి ఇంటికి మొదటి బోణీ అప్పనంగా పోతే ఏమవుతుందో అనుకున్నాడో ఏమో, నేను చెప్పిన ధరలో సగానికి అడిగాడు. నేను దిగలేదు. చివరికి జేబులోంచి దుడ్లు తీశాడు. ఆ బజారులో ఆయన చేతి దుడ్లు చూసిన మొదటి అంగడి మాదే.

ఆయన పోయాక నాయన ఒక లోటా తాగి, మూతి తుడుచుకుని, రేపటికి ఎన్ని రాగులు నానబెడతావని మామను అడిగాడు.

"బావా, ఆ రాగులు బీరుకు గదా."

"బీరు అమ్మితే లోపలేస్తారు. దీనికి హెడ్డే దుడ్లిచ్చి పాయె. నానబెట్టు."

రేపు జావ అందకపోతే హెడ్డుకు అనుమానం వస్తుంది కాబట్టి నానబెట్టక తప్పలేదు. కూతురికి జావ ఇమిడింది. ఆ తర్వాత పురిటి ఇళ్లన్నీ చెంబులు పట్టుకుని వచ్చాయి. మామ తన కొళాయి ముందు కూర్చుని పొద్దున్నే పోసేవాడు. కొలతలో తేడా రానిచ్చేవాడు కాదు. స్టోర్సు మనిషి.

హెడ్డు వచ్చిపోయిన మర్నాడు అమ్మ వేసిన దోసెలు మాత్రం గుర్తున్నాయి. ఈస్టు తిన్న పిండి కదా, దూదిలా పొంగాయి. నాయన ఇంకోటి అడిగి మరీ వేయించుకున్నాడు. మామ ఒక్కో తుంపూ ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన చూసి, తిన్నాడు.