అవ్వ కంటి పొర... అమ్మ పది దినాల ముచ్చట్లు

నాకు ఆరేండ్లుంటయేమో... నిజాం జమాన. మానవపాడు దగ్గర మా ఊర్లె, అవ్వ పొద్దుగాల అరుగు మీద కూసుండి నా మొఖమంత చేత్తోని తడిమి, "ఎవరే, నువ్వేనా?" అనేది. అవ్వ అంటే మా నాయిన తల్లి. రెండు కండ్లల్ల పొర వొచ్చింది. నల్లగుడ్డు నడుమ పాలచుక్క వడ్డట్టు తెల్లగ కనవడేది...

నోరు మాత్రం గట్టిదే! అన్నంల రాయి తగిలినా, చెంబు దొర్లినా మా అమ్మకే తిట్లు. అమ్మ తల్కాయ వంచుకొని పనిజేసుకునేది. అత్త ముందర కోడలు నోరిప్పే కాలం గాదు.

ఒకనాడు సూదితోని పొర దించేటాయన ఊర్లెకొచ్చిండు. "నిమిషంల పని, గిప్పుడే కనవడ్తది" అన్నడు. అవ్వ సంబురంగ చాప పరిపించింది. నాయిన సరే అన్నడు.

అప్పుడు అమ్మ వంటింట్లకెల్లి బయటికొచ్చింది...

"ఒద్దత్తమ్మా. మా నాయినకు గిట్లనే పొడిచిండ్రు. వారం దినాలు మంచిగ కనవడ్డది. ఎనుక రెండు కండ్లు చీము వట్టి మొత్తానికే పోయినయి. కర్నూలు దవాఖానకు పోదాం. తోడు నేనొస్త."

అందరం నోరెళ్లవెట్టి చూసినం. అవ్వ "చాప సుట్టుండ్రి" అన్నది.

రైలెక్కి పోయినం. అక్కడ డాక్టరు అమ్మకు చెప్పిండు... "ఇది కంటి మీది పొర గాదమ్మా. లోపల చిన్న అద్దం లాంటిది ఉంటది, వయసు మీదవడి అదే మసకవారింది. సూదోళ్లు దాన్ని ఎనుకకు నూకుతరు, గంతే. చుక్కల మందుకు కరగదు. కోసి తియ్యాలె."

ఒక కన్నుకు ఆపరేషన్ చేసిండ్రు. అసలు తిప్పలు ఎనుక... రెండు కండ్లకు పట్టీలు, తలకు అటిటు ఇసుక సంచులు. పది దినాలు ఎల్లకిలే. కదలొద్దు, దగ్గొద్దు, నమలొద్దు, మాట్లాడొద్దు. మా అవ్వను మాట్లాడొద్దంటే!

అమ్మ చెంచతోని అంబలి పోసేది. అవ్వకు తోచదని మెల్లగ ముచ్చట్లు మొదలువెట్టింది... మన్ననూరు దిక్కు వాళ్ల ఊరు, అడవిల తునికిపండ్లు ఏరుకున్నది, చూపు పోయిన నాయినను చెయ్యి వట్టి తిప్పింది, పెండ్లయి వచ్చిననాడు భయంతోని బండి దిగనన్నది... అత్తింట్ల ఎనిమిదేండ్లు దాచుకున్న మాటలు పది దినాలల్ల వొచ్చినయి. అమ్మ ఆగితే అవ్వ వేళ్లతోని మంచం తట్టేది... ఇంక చెప్పుమని!

పట్టీ ఇప్పినంక డాక్టరు మందపు అద్దం ఒకటి కంటి ముందర వెట్టిండు. నేను ఉరికి ఎదురుంగ నిలవడ్డ. అవ్వ నన్ను జూసి నవ్వింది గని, చూపు అమ్మ మీదనే ఆగింది. శానసేపు చూసింది.

"ఇంక పసిదానివేనే... నిన్నేనా నేను గన్ని మాటలన్నది?"

అమ్మ కొంగు నోటికడ్డం వెట్టుకున్నది. అవ్వ ఆమె చెయ్యి వట్టుకొని, "ఇంటికి వొయినంక గూడ గిట్లనే మాట్లాడాలె నువ్వు" అన్నది.

అమ్మ మాట్లాడింది. అవ్వ పోయేదాక... సోడాబుడ్డి అద్దాల అత్త, పక్కన కోడలు, పల్లికాయ వొలుచుకుంట ఒక్కటే నవ్వులు!

నిరుడు నాకూ అయింది ఆపరేషన్. తీసిన జాగల కొత్త అద్దం లోపలనే వెట్టిండ్రు. పావుగంట... పగటాల్లకు ఇంట్ల ఉన్న. శాన మంచిగయింది, కాదనను. గని పక్కన కూసుండి ముచ్చట చెప్పేటోళ్లతోని పనే లేకపోయింది...

ఇది నేను చెప్తుంటే నా మనవరాలు రాస్తున్నది. మీ ఇండ్లల్ల పెద్దోళ్ల కండ్లు బాగైనప్పుడు మంచం పక్కన ఎవరు కూసున్నరు? ఏం ముచ్చట్లు చెప్పిండ్రు? రాయుండ్రి... అన్నీ నేనే చదువుకుంట.